మూడు ఫర్లాంగుల నీరు

ఏటా నవంబరులో ఏలూరు వెళ్ళి, నేనింకా బతికే ఉన్నానని పింఛను ఆఫీసులో సంతకం పెట్టి రావాలి. ఈసారి ఆ గదికి కొత్తగా సున్నం వేశారు. గోడకి అద్దం బిగించిన పాత మ్యాపు ఒకటి తగిలించారు. నా ముందు ఇంకా పదకొండు మంది ఉన్నారు కాబట్టి లేచి వెళ్ళి చూశాను. కొల్లేరు, దాని చుట్టుపక్కల నేల. అంగుళానికి మైలు చొప్పున గీసినది. మిట్టలు, కాలవలు, బండిదారులు, తాటితోపులు అన్నీ ఉన్నాయి. సరస్సు చుట్టూ నీలిగీత. కింద మూలన సర్వే చేసిన సంవత్సరం, 1934.

మా లంకని వెతకడానికి ఎంతోసేపు పట్టలేదు. లంక అంటే సరస్సులో తేలిన మిట్ట. దాని మీద ఊరు. మా లంకకి పడమట, సరస్సు అవతలి ఒడ్డున పొడుగాటి తాటితోపు ఉండేది. వానాకాలంలో నీరు ఆ తోపు మొదళ్ళ దాకా పరుచుకునేది. మ్యాపులో నీలిగీత తోపుకి మూడు ఫర్లాంగుల ఇవతలే ఆగిపోయింది. మూడు ఫర్లాంగులంటే మ్యాపు మీద అంగుళంలో ఎనిమిదింట మూడు వంతులు. వేలు ఆనించి చూశాను. నా చిటికెనవేలి గోరంత.

“మామ్మగారూ, అక్కడ నిలబడ్డారేంటండీ? కూర్చోండి, పిలుస్తాం” అన్నాడు గుమాస్తా.

“ఈ మ్యాపు తప్పు నాయనా.”

“అది పాతదండీ. అందంగా ఉంటుందని పెట్టాం.”

“కొత్తగా ఉన్నప్పుడూ తప్పే.”

“అయితే మీరే దిద్దెయ్యండి. పెన్ను ఇమ్మంటారా?”

వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. వచ్చి కూర్చున్నాను. ఆ గీత దిద్దగలిగిన మనుషులు ఒకప్పుడు ఇద్దరుండేవారు. ఒకాయన పోయారు. రెండోదాన్ని నేను.

ఆయన మా లంకకి పెద్ద. చేపల వేట మీద బతికే కుటుంబం. నేను 1933 జూన్‌లో, పద్దెనిమిదో ఏట, మిషను వాళ్ళు పంపితే ఆ లంకలోని బడికి పంతులమ్మగా వెళ్ళాను. బడికి ఇటుక గోడలు, తాటాకు కప్పు. మొదటిరోజు హాజరు పిలిచి, “ఇరవై ఆరుగురూ వచ్చారు” అని పైకి అన్నాను. గుమ్మంలో కూర్చుని వల బాగుచేసుకుంటున్న ఆయన ఉలిక్కిపడి తలెత్తారు.

“ఏవండీ పంతులమ్మగారూ, అంత గట్టిగా అనకండమ్మా. పిల్లలున్న ఊరు.”

“లెక్క చెబితే ఏమవుతుందండీ?”

“వినేవాళ్ళుంటారు గదండీ” అని నీళ్ళవైపు చూశారు.

దేన్నీ అంకెలో చెప్పేవారు కాదు. ఎన్ని చేపలు పడ్డాయంటే “కూరకి సరిపడా అండి.” పిల్లలెంతమందంటే “ఉన్నారండి.” వయసెంతంటే “ఇంకా అయిపోలేదండి.” బుట్టలోకి ఎవరైనా తొంగిచూస్తే అరచెయ్యి అడ్డం పెట్టేవారు. నాది సరిగ్గా దానికి ఎదురు. వాన పడిన రోజులు, సుద్దముక్కలు, రోజూ వాలే గూడబాతులు, అన్నీ రాసుకునేదాన్ని. “మన పంతులమ్మగారు దోనె ఎక్కితే చేపలు తమని తామే లెక్కేసుకుని వెళ్ళిపోతాయిరా” అని కుర్రాళ్ళతో అనేవారు, నాకు వినపడేటట్టే.

నేల మీద కూడా దోనెలో నిలబడినట్టే, కాళ్ళు ఎడంగా వేసి నడిచేవారు. నీళ్ళలో కాలు పెట్టేముందు మూడు వేళ్ళు తడిపి కళ్ళకి అద్దుకునేవారు. ఏ రోజూ మరిచిపోవడం నేను చూడలేదు. మధ్యాహ్నం పూట పిల్లలు ఎక్కాలు అప్పజెబుతుంటే గుమ్మంలో కూర్చుని వినేవారు. ఒకరోజు ఒక పిల్ల పదమూడో ఎక్కంలో ఏడు దగ్గర ఆగిపోయింది. వలలోంచి తల ఎత్తకుండానే “తొంభై ఒకటి” అన్నారు. అనేసి నాలిక కరుచుకున్నారు.

“మీకు లెక్కలు వచ్చన్నమాట” అన్నాను.

“గాలికి వచ్చిందండి. మీ పిల్లలు పొద్దస్తమానం అరుస్తుంటే చెవిలో పడదూ?”

ఆ రోజు తెలిసింది, ఆయనకి రాకపోవడం కాదని. చెప్పకపోవడం.

కొల్లేటి నీరు వాళ్ళకి ఆడపడుచు. వానాకాలంలో పుట్టింటికి వస్తుంది, నాలుగు నెలలుండి వెళ్ళిపోతుంది. వెళ్ళే రోజున ఊరంతా ఒడ్డుకి వెళ్ళి పసుపు, కుంకుమ, రవికెలగుడ్డ నీళ్ళలో వదిలేవారు. మొదటి గుడ్డ ఆయన చేత్తోనే వదలాలి. పుట్టింటికొచ్చిన పిల్ల ఎంత తిన్నదో బయటికి చెప్పుకునే ఇల్లు ఉంటుందా? అందుకని ఈ ఏడు నీరు ఎంతదాకా వచ్చిందని ఎవరడిగినా ఊరంతటికీ ఒకటే జవాబు: “పాదాలు కడుక్కుని వెళ్ళిందండి.” మోకాలిలోతు వచ్చినా అదే, నడుంలోతు వచ్చినా అదే. నీరు తీసిన మర్నాడే ఆడవాళ్ళు గోడలు మట్టితో అలికేసేవారు. నీటిచార ఉంచుకుంటే లెక్క రాసిపెట్టుకున్నట్టేనట. రాసిపెట్టుకుంటే మరుసటేడు అంతకి తక్కువ ఒప్పుకోదట. నేను ప్రార్థన చేసుకుని పడుకునే పిల్లని. ఇదంతా చాదస్తమని నవ్వుకునేదాన్ని.

1934 ఏప్రిల్ 9, సోమవారం, సర్వే వాళ్ళు వచ్చారు. ఒక సర్వేయరు, యంత్రం, కొలబద్దలు మోసే మనుషులు ఆరుగురు. మండువేసవి. నీరు లోపలికి వెళ్ళిపోయి, మూడువైపులా నేల బీటలు తీసి ఉంది. సరస్సు అంచు ఎక్కడో ఆ నేలని చూసి ఎవరూ చెప్పలేరు. అలాంటిచోట ఊరిపెద్దని అడిగి, నిండు వానాకాలంలో నీరు వచ్చే చోటు చూపించమని, అక్కడ గెడ పాతి ఎత్తు కొలవాలని వాళ్ళ నిబంధన. ఆ ఎత్తునే పట్టుకుని చుట్టూ గీత గీసుకుంటూ పోతారు.

“నీరు ఎక్కడిదాకా వస్తుందో చూపించండి పెద్దగారూ” అన్నాడు సర్వేయరు.

ఆయన దారి తీశారు. ఊళ్ళో సగంమంది వెనకాల నడిచారు. నేనూ వెళ్ళాను. తాటితోపు ఇంకా బాగా దూరంగా ఉండగానే ఆయన ఆగి, బొటనవేలితో నేల మీద గీసి, “ఇదుగోండి. ఇక్కడిదాకా వచ్చి పాదాలు కడుక్కుని వెళ్తుందండి” అన్నారు. ఆడవాళ్ళు కొంగులు సర్దుకున్నారు. ముందటేడు అక్టోబరులో నేనే అదే చోటుకి దోనె మీద వెళ్ళాను. గెడ వేస్తే సగం మునిగింది.

గెడ పాతారు. కాగితం మీద ఆయన వేలిముద్ర వేయించుకున్నారు.

సాయంత్రం బడి అరుగు మీద అడిగాను. “పెద్దయ్యగారూ, తోపు దాకా వచ్చే నీటిని అక్కడెందుకు ఆపేశారు?”

“మీరు చదువుకున్నవాళ్ళు, మీకు తెలియదా అమ్మా? నోటితో అడిగినవాడికే నిజం చెప్పం. వీళ్ళు రాసుకుంటున్నారు.”

“రాసుకుంటున్నారనే చెప్పాలి. ఆ గీత బయటిదంతా పొలానికి పనికొచ్చే బంజరు అవుతుందని సర్వేయరుగారే అన్నారు. ఎవరికైనా ఇచ్చేస్తారు. మూడు ఫర్లాంగులు పోతుంది.”

“ఎక్కడికి పోతుందండీ? తోపు దాకా ఆమె నేల. కాయితం చూసి ఆగుతుందా?”

ఇంతకంటే నేనేమీ అనలేదు. సర్వేయరుతోనూ అనలేదు. అనే వీలుండేది. ఎందుకంటే ఆ మర్నాటి నుంచి సర్వేయరు నేల ఎత్తులు రాసుకునే లెవెల్ పుస్తకం పట్టుకుని రోజూ బడికి వచ్చేవాడు. ఆ లెక్కలు రెండో మనిషి సరిచూడాలి. అతని తోటివాడు జ్వరంతో ఏలూరులో ఉండిపోయాడు. యంత్రంలోంచి వెనక్కి చూసి చదివిన అంకెల మొత్తంలోంచి ముందుకి చూసి చదివినవాటి మొత్తం తీసేస్తే, మొదటి చోటుకీ చివరి చోటుకీ ఎత్తులో తేడా తేలాలి. పదిహేడు రోజులు, ముప్ఫై నాలుగు పేజీలు. రెండు చోట్ల అతని కూడిక తప్పితే నేను పట్టుకున్నాను. “మా ఆఫీసులో మీలాంటివాళ్ళు లేరండీ” అన్నాడు. ప్రతి పేజీ కింద ‘సరిచూశాను’ అని రాసి సంతకం పెట్టాను. అంత సుఖం నాకు అంతకు ముందెప్పుడూ కలగలేదు. తప్పు చోట పాతిన గెడ ఎత్తుని నూటికి నూరుపాళ్ళు సరిగా తేల్చాను.

మ్యాపు అచ్చయి వచ్చింది. నీలిగీత బయటి నేల బంజరని వేలం వేశారు. ఎగువ ఊళ్ళ రైతులు పాడుకుని, 1936 వేసవిలో సరిగ్గా గీత వెంబడే మట్టిగట్టు పోశారు. గట్టు అవతల వరి. మావాళ్ళు దోనెల్లోంచి చూస్తూ ఊరుకున్నారు. “ఉండండి, ఆడపడుచు వచ్చి చూసుకుంటుంది” అన్నారు ఆయన.

వచ్చింది. పడమట పరుచుకోవడానికి చోటు లేక లంక మీదికి ఎక్కింది. ఆ ఏడు కొంచెం. 1937 సెప్టెంబరులో ఇళ్ళలోకి. బడి గోడ మీద నీటిచార గచ్చు నుంచి మూడడుగుల రెండంగుళాలు. టేపు పెట్టి కొలిచి డైరీలో రాసుకున్నాను. ఊళ్ళో ఇళ్ళు బడి కంటే పల్లంలో ఉండేవి కాబట్టి అక్కడ ఇంకా ఎక్కువ. గేదెలు కొట్టుకుపోయాయి. పురిటి మంచం మీద ఉన్న ఒకావిడని అటక మీదికి ఎక్కించారు, బిడ్డ దక్కలేదు. నీరు తీసిన మర్నాడు ఆడవాళ్ళు ఎప్పటిలాగే గోడలు అలికేశారు. అక్టోబరులో ఇన్‌స్పెక్టరు వస్తున్నారని నేను బడికి సున్నం వేయించాను. అంటే ఆ నీటికి ఊళ్ళో మిగిలిన ఒకే ఒక్క గుర్తు నా డైరీలో ఉంది.

ఎవరో అర్జీ పెట్టారు, గట్టు తీయించమని. నవంబరు 18, గురువారం, అధికారి ఒకాయన విచారణకి వచ్చారు. బడిలోనే కూర్చున్నారు. ఒక పక్క ఊరు, ఒక పక్క గట్టు రైతులు, వాళ్ళ తరఫు మాట్లాడే గుమాస్తా ఒకడు. బల్ల మీద మ్యాపు పరిచారు. గట్టు ఉండాలో పోవాలో ఆ రోజు తేలాలి. ఉంటే మా లంక ప్రతి ఏడూ మునుగుతుంది.

“నీరు ఎంతదాకా వచ్చిందయ్యా?” అన్నారు అధికారి.

ఆయన లేచారు. ఊరంతా నేల చూపులు చూస్తోంది. పాదాలు అంటారనుకున్నాను. కుడిచెయ్యి పైకెత్తి, ఛాతీకి అడ్డంగా పెట్టారు.

“ఇక్కడిదాకా వచ్చిందండి. మా ఇంట్లో నిలబడితే, ఇదుగో, ఇక్కడిదాకా.”

“అయ్యో మావా, ఊరుకో!” అని వెనకనుంచి ఒకావిడ అరిచింది. కొందరు లేచి బయటికి వెళ్ళిపోయారు.

“గట్టు తీయిస్తారనగానే నీళ్ళు పాదాల నుంచి ఛాతీకి ఎక్కాయండి!” అన్నాడు గుమాస్తా. గట్టు రైతులు నవ్వారు.

అధికారి పాత కాగితం తీశారు. “మూడున్నరేళ్ళ కిందట నీటి అంచు చూపించింది నువ్వేనా? ఈ వేలిముద్ర నీదేనా?”

“నాదేనండి.”

“అసలు నీరు ఎక్కడిదాకా వస్తుంది?”

“తోపు దాకా అండి.”

“మరి ఇందులో అలా లేదే. అప్పుడు అబద్ధం చెప్పావా, ఇప్పుడు చెబుతున్నావా?”

“అబద్ధం కాదండి. అప్పుడు చెప్పింది మర్యాదండి. ఇప్పుడు చెప్పేది నిజమండి.”

“సర్కారుకి నీ మర్యాదలు అక్కర్లేదు. గోడల మీద చార ఏదైనా ఉందా?”

“అలికేశామండి.”

అధికారి విసుగ్గా లెవెల్ పుస్తకం తిరగేశారు. పేజీ కింద నా సంతకం కనబడింది. “ఇది మీదేనా అమ్మా? ఈ లెక్కల్లో తప్పేమైనా ఉందా?”

లేచి నిలబడ్డాను. ఆయన నా వైపు చూశారు. చెయ్యి ఇంకా ఛాతీ మీదే ఉంది.

“లెక్కల్లో తప్పు లేదండి” అన్నాను.

“ఇంకేమైనా చెప్పాలా?”

డైరీ నా బల్ల సొరుగులో ఉంది. సొరుగు నేను నిలబడ్డ చోటికి రెండడుగులు. అందులో మూడడుగుల రెండంగుళాలు ఉంది. గెడ సగం మునిగిన అక్టోబరు రోజూ ఉంది. ఆడపడుచు లెక్క ఈ ఊరు ఎవరికీ చెప్పదని, ఆ వేలిముద్ర వేసిన సాయంత్రమే ఆయన నాతో అన్నారని చెప్పగలిగినదాన్ని నేనొక్కదాన్నే.

“లేదండి” అన్నాను.

ఎందుకన్నానో యాభై తొమ్మిదేళ్ళుగా లెక్క వేసి చూస్తున్నాను. మిషను మేనేజరు గుమ్మంలో నిలబడ్డారు, బడికి గ్రాంటు రావాలి, ఇరవై రెండేళ్ళ పిల్లని. ఇవేవీ నిలబడవు. నిలబడే కారణం ఒక్కటే. ముప్ఫై నాలుగు పేజీలు నేను సరిచూసినవి. వాటిని తప్పని ఒకరంటే వినలేను, నా నోటితో అనలేను. అంతే.

గట్టు చట్టప్రకారమే ఉందని తేల్చారు. ధైర్యం వచ్చి రైతులు వేసవిలో దాన్ని ఇంకో రెండడుగులు లేపారు. కాబట్టి మరుసటేడు లంక మీదికి నీరు ఇంకా ఎక్కువ వచ్చింది. ఇది ఎక్కాలు చదివే పిల్లలు కూడా వేయగల లెక్క. ఊరు మాత్రం ఇంకో లెక్క వేసింది. నిండు సభలో ఆడపడుచు తిండి బయటపెట్టాడు, అందుకే కోపగించి వచ్చిందని. పాదాలన్నందుకు ఆయన్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. ఛాతీ అన్నందుకు వెలివేశారు. ఆ ఏడు రవికెలగుడ్డ ఇంకొకరి చేత వదిలించారు. ఆయన ఒడ్డు మీద దూరంగా నిలబడ్డారు. ఆయన దోనెలో ఎవరూ ఎక్కడం లేదు. ఆయన వల పక్కన ఇంకొకరు వల వేయడం లేదు.

“గట్టువల్ల వచ్చిన నీరు, ఆయనవల్ల కాదు” అని బడి గుమ్మంలో నిలబడి వాళ్ళతో చెప్పాను. లెక్క వేసి కూడా చూపించాను.

“మీ లెక్కలు మాకెందుకులెండి పంతులమ్మగారూ. ఆ రోజు మీ లెక్క సరిగ్గానే ఉందన్నారు గదా” అన్నారు.

సంక్రాంతి ముందే భార్యాభర్తలిద్దరూ ఊరు విడిచి మెట్టకి వెళ్ళిపోయారు. వెళ్ళే రోజున బడి ముందునుంచే వెళ్ళారు. గుమ్మంలో ఆగలేదు.

నన్ను తాడేపల్లిగూడెం మార్చారు. 1939 మార్చి 14న ఏలూరు వెళ్దామని స్టేషన్లో కూర్చున్నాను. ప్లాట్‌ఫారం మీద కాళ్ళు ఎడంగా వేసి ఒక ముసలాయన వస్తున్నారు. నడక చూసే గుర్తుపట్టాను. మనిషి సగమయ్యారు. నన్ను చూసి ఆగి నమస్కారం పెట్టారు.

“బాగున్నారా పంతులమ్మగారూ?”

“మీరు ఎక్కడుంటున్నారండీ?”

“జంగారెడ్డిగూడెం అవతల అండి. తోటకి నూతిలోంచి నీళ్ళు తోడతామండి. నూతిలో నీరు మంచిదండి, ఉన్నచోటే ఉంటుంది.” నవ్వారు. “ఆవిడ పోయిందండి, మాఘమాసంలో. ఆ నీళ్ళు పడలేదు.”

రైలు రావడానికి ఇంకా పది నిమిషాలుంది. ఏడాదికి పైగా నాలో నేను అనుకుంటున్న మాట బయటికి వచ్చేసింది.

“పెద్దయ్యగారూ, ఆ రోజు విచారణలో నేను ఇంకొక మాట చెప్పాల్సిందండి.”

మావైపు ఇలాంటప్పుడు ఎవరైనా “అయ్యో, మీరేం చేస్తారులెండి” అంటారు. ఎదుటివాళ్ళ తప్పు ఎంతదైనా, అంతకంటే తక్కువ చేసి చెప్పడం మా అలవాటు. ఆయనా అంటారనుకున్నాను. ఆ మాట వినడానికే అన్నాను, నిజం చెప్పాలంటే.

ఆయన పట్టాల వైపు చూశారు.

“అవునమ్మా” అన్నారు మెల్లగా. “చెప్పాల్సిందండి.”

రైలు వచ్చింది. నా పెట్టె ఆయనే ఎక్కించారు.